సాగిన గొలుసు

నిన్న రీసర్వే వాళ్లు మా చేను కొలిచే ముందు, కొలత తెలిసిన రాయి మీద మిషను పెట్టి సరిచూసుకున్నారు. నాకు పాత గొలుసు గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు ఇదే చేనును గొలుసుతో కొలిస్తే తక్కువ వచ్చింది. పెద్దనాయన గట్టు జరిపాడని నాయన ఊరందరి ముందూ అన్నాడు. ఆ రోజు నుంచి రెండిళ్ల మధ్య రాకపోకలు ఆగిపోయాయి.

తర్వాత వచ్చిన సర్వేయరు అన్నదమ్ములిద్దరినీ కంబదూరు సర్వే ఆఫీసుకు పిలిపించి, దాని ముందు పాతిన రెండు కొలతరాళ్ల మధ్య ఆ గొలుసును పరిచి లాగాడు. నాయన వెంట వెళ్లిన నేను చూస్తుండగానే అది అవతలి రాయిని దాటి జానెడు పోయింది.

"గొలుసు సాగిపోయిండాదప్పా. దీంతో కొలిస్తే ఎవురి చేనైనా తక్కువే వస్తాది. మీ గట్టు ఉన్న తావునే ఉండాది," అన్నాడు.

నాయన నేలవైపు చూశాడు. పెద్దనాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

సర్వేయరు సాగిన లింకులను సుత్తితో కొట్టి సరిచేశాడు. ఇక అన్నీ సరైపోయాయనుకున్నాను.

"పెద్దనాయనోళ్ల ఇంటికి పోదామా నాయనా?"

"ఎండ ఎక్కుతాండాది, నడువు పాపా."

నిన్న మిషను సరిగ్గానే ఉందన్నారు. గట్టుకు అవతల పెద్దనాయన కొడుకు నిలబడి ఉన్నాడు. ఇద్దరం మిషను వైపే చూస్తూ ఉండిపోయాం.