రాజన్న కుడిచెయ్యి

దయ్యాల మాటెత్తితే నవ్వేవాణ్ణి నేను. ఫోటోలో పొగలాంటి ఆకారం పడిందని ఎవరైనా తెచ్చి చూపిస్తే, ప్లేటు సరిగ్గా కడగలేదని మొహం మీదే చెప్పేసేవాణ్ణి. నా నోటిదురుసు బోధన్‌లో అందరికీ తెలుసు.

నిజాంసాగర్ కాలువ నీళ్లు వచ్చి, మా వైపు చెరకు కొత్తగా వేస్తున్న రోజులవి. పగలంతా కచేరీలో గుమాస్తాను. మిగిలిన ప్రాణమంతా కెమెరా మీదే. మూడు కాళ్ల మీద నిలబెట్టే పెట్టె, లోపల గాజు ప్లేటు. మూత తీసి, నాలుగంకెలు లెక్కపెట్టి, మళ్లీ మూత పెట్టాలి. ఆలోగా ఏది కదిలితే అది మసకగా పడుతుంది.

నిజామాబాద్ స్టూడియోల్లో మనుషుల్ని గుంజల్లా బిగించి కూర్చోబెట్టేవారు. నాకది గిట్టేది కాదు. పసుపు ఉడికే చోటికి, చెరకు గానుగల దగ్గరికి పోయి, పని ఆపకండి అనేవాణ్ణి. చెయ్యి చెదిరితే చెదరనీ, అది బతికున్న చెయ్యి అని నా వాదన. మా ఆవిడ మాత్రం, "గీల్లకు మొఖాలేవి? పొగను పట్టుకొచ్చినవా?" అని ఎగతాళి చేసేది.

అలా గానుగ దగ్గర పరిచయమైన రైతు గంగారాం. రుద్రూర్ దారిలో వాళ్ల ఊరు. ఒక వేసవి ఉదయం అతని దగ్గర్నుంచి కబురొచ్చింది. తండ్రి రాజన్న తెల్లవారుజామున పోయాడు. బతికుండగా తీసిన ఫోటో ఒక్కటీ లేదు. అలాంటప్పుడు పోయినవారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఇంటివాళ్లు చుట్టూ నిలబడి ఫోటో తీయించుకోవడం అప్పట్లో ఉండేది.

సైకిల్ మీద వెళ్లాను. రాజన్నను కుర్చీకి పంచెతో కట్టి కూర్చోబెట్టారు. చేతులు రెండూ మోకాళ్ల మీద నేనే సర్దాను. చల్లగా ఉన్నాయి. గంగారాం తండ్రి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, తల్లి పక్కన నిలబడింది. నేను గడియారం చూస్తూ నాలుగు లెక్కపెట్టి మూత పెట్టాను. అప్పుడూ ఆ చేతులు నేను పెట్టిన చోటే ఉన్నాయి.

ఎండకు ప్లేటు పాడవుతుందని వెంటనే ఇంటికొచ్చాను. వంటింటి తలుపులు మూసి, ఎర్రగుడ్డ చుట్టిన లాంతరు ముందు బొమ్మ తేలేలా ప్లేటును మందునీళ్లలో కడిగాను. గంగారాం, అతని తల్లి, కుర్చీ, పంచె ముడి, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. రాజన్న కుడిచెయ్యి మాత్రం మణికట్టు దాకా చెదిరిపోయి ఉంది.

తడి ప్లేటును తువ్వాలలో చుట్టుకుని మళ్లీ సైకిలెక్కాను. ఎలా తొక్కానో నాకే తెలియదు. బతికున్న మనిషిని కాల్చేస్తారేమోనన్న భయం ఒక్కటే.

నేను చేరేసరికి పాడెను దింపుడు కళ్లం దగ్గర దించారు. శ్మశానానికి ముందు దారిలో పాడె దించి, లేస్తాడేమోనన్న ఆశతో చెవిలో మూడుసార్లు పిలిచే చోటు అది. గంగారాం వంగి, "బాపూ" అని మూడోసారి పిలుస్తున్నాడు.

"ఆపుండ్రి, ఫోటోల చెయ్యి కదిలింది" అన్నాను.

అందరూ నా వైపు చూశారు. మంగలి తన అద్దం తీసి రాజన్న ముక్కు దగ్గర పెట్టాడు. ఆవిరి పట్టలేదు. వైద్యుణ్ణి పిలిపించారు. ఆయన చాలాసేపు నాడి పట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు. గంగారాం ఇంకో పదిసార్లు పిలిచాడు, గొంతు పోయేదాకా. పొద్దు వాలుతోందని పెద్దలు తొందరపెట్టారు. నేను అడ్డం తప్పుకున్నాను.

నెల తర్వాత గంగారాం మా ఇంటికొచ్చి ప్లేటు అడిగాడు. కెమెరా కదిలి చెయ్యి అలా పడిందని అబద్ధమాడాను. అతను ప్లేటును కిటికీ వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"నా చెయ్యి బాపు బుజం మీదనే ఉండె గద అన్నా. గది ఎందుకు కదల్లే?"

ప్లేటు దించి నా వైపు తిరిగాడు.

"పానముండంగనే బాపుకు అగ్గి పెట్టిన్నా నేను?"

"లేదు గంగారాం" అన్నాను.

ఆ మాట నిజమో కాదో నాకు ఈనాటికీ తెలియదు.