జేబులో చచ్చిన ముక్క

కణం ఎలా చచ్చిందో చెప్పడంలో మా తాతను మించినవాడు భూమ్మీద లేడు. అనుమానమొస్తే యముడు కూడా ఆయనకే ఫోను చేస్తాడు.

ముప్పై ఏళ్లుగా ఆస్పత్రి ల్యాబులో ఆయన పని ఒకటే. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కలను మైనంలో బిగించి, ఉల్లిపొరకన్నా పలచగా కోసి, రంగువేసి గాజుపలక మీద పరచడం. పదో తరగతి మూడుసార్లు తప్పిన నా బుర్రకు ఆయన ఎక్కించిన చదువు ఇదీ: వేళకు చచ్చే కణం ముడుచుకుని, తునకలై, పక్క కణాల కడుపులోకి చప్పుడు లేకుండా పోతుంది. రోజూ కోట్ల కణాలు అలా పోబట్టే మనం బతికున్నాం. రోగం చంపితే ఉబ్బి, పగిలి, చుట్టూ వాపు లేపి వీధంతా గోల చేస్తుంది. చావాల్సిన వేళ మొండికేసి పెరిగేదే క్యాన్సర్.

అమ్మమ్మ మెడలో గడ్డ లేచింది. డాక్టరమ్మ చిన్న ముక్క కోసి ఖాళీ సీసాలో వేసింది. “నేనే తీసుకెళ్తా” అని తాత జేబులో పెట్టుకున్నాడు. ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ మందునీళ్ళు ల్యాబులో ఉంటాయి, వెంటనే అందులో వెయ్యాలి. ఇంతలో మత్తు దిగని అమ్మమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. నిమిషం ఆలస్యమైనా కుర్ర ఉద్యోగులను దులిపేసే మనిషి రెండు గంటలు కదల్లేదు.

పలక తయారయ్యాక సూక్ష్మదర్శిని మీద వంగాడు. అద్దం తుడిచాడు. మళ్ళీ వంగాడు. కణాలన్నీ వెలవెలబోయి ఉన్నాయి, చుట్టూ వాపు మాత్రం లేదు. రోగం చంపలేదు, వెచ్చటి జేబే చంపింది. డాక్టరమ్మ “ఏమీ చెప్పలేను, మళ్ళీ కొయ్యాలి” అంది.

ఇంట్లో ఆయన మడతపెట్టిన తువ్వాలే మళ్ళీ మడతపెట్టాడు. కుర్చీ జరిపాడు, మళ్ళీ మొదటి చోటికే జరిపాడు.

“ఏంటా తిరుగుడు, కాలుగాలిన పిల్లిలా?” అంది అమ్మమ్మ.

చెప్పేశాడు.

“ఊళ్ళోవాళ్ళ ముక్కలన్నీ భద్రం. నాది మాత్రం జేబురుమాలు పక్కనా?”

“నువ్వే చెయ్యి వదల్లేదుగా!”

“ఈసారి చెయ్యి మనవరాలికిస్తా,” అంటూ నన్ను చూపించింది. “మీరు సీసా పట్టుకుని పరిగెత్తండి.”

పరిగెత్తాడు, మోకాళ్ళు మొత్తుకుంటున్నా ఆగకుండా. రెండోసారి కణాలు స్పష్టంగా కనిపించాయి. చావాల్సినవి బుద్ధిగా చస్తున్నాయి, మొండిది ఒక్కటీ లేదు. మామూలు గడ్డే. ఆ సంగతి డాక్టరమ్మ చెప్పేదాకా ఆయన కూర్చోలేదు.

ఇదంతా రాసి తాతకు చదివి వినిపించాను. “మొదటి వాక్యం ఎలా ఉంది తాతా?”

“కొట్టెయ్. సొంత పెళ్ళాం ముక్కను రెండు గంటలు జేబులో ఉడకబెట్టిన వెధవ అని రాయి.”