గోదావరిలో లేని రాయి

ఇన్నేళ్లుగా ఈ సంగతి నన్ను ఎవరూ అడగలేదు కాబట్టి, అడగకుండానే రాస్తున్నాను. భజన పెద్దలతో చెప్పబోయాను; తాళాల తాడు సరిచేసుకుంటూ కూర్చున్నారు. గుడి ముందు వాళ్లనే ఆపి చెప్పాను. వానొచ్చేలా ఉందని వెళ్లిపోయారు. పంతులు గారి దగ్గరికి పోతే ఆయనకు ఎప్పుడూ స్నానవేళే. నేను మాట్లాడుతుండగా ఎవరెవరు లేచి వెళ్లారో, వాళ్లలో ఎవరు ముందు లేచారో నాకు గుర్తుంది. కాగితం అలా లేచిపోదు.

మాది సముద్రం నడుమ దీవిలో, షెమాన్ గ్రెనియే దాపున చెరుకు తోటల మధ్య ఊరు. శనివారం సాయంత్రం రామభజన ఉంటుంది. నడుమ దీపస్తంభం, దాని పక్కన ఇత్తడి కలశం. పాట ఎత్తుకునే ముందు గంగ, యమున, గోదావరి అని నదుల పేర్లు పిలుస్తూ కలశంలో నీళ్లు పోస్తారు. నీళ్లు మా ఊరి ఏటివి, పేర్లు ఇండియావి. మొదటి చెంబు మాత్రం గోదావరిలో మునిగినవాడే పోయాలి. చెరుకు కూలికి ఇండియా నుంచి ఓడలో వచ్చిన పెద్దలు పెట్టిన ఆచారం ఇది. వాళ్లు ఒక్కొక్కరే కాలం చేశారు. చివరి ముసలాయన కూడా పోయాక ఆ చెంబు ఎవరిదన్న మాట వచ్చింది. అది నాది. నా తగువంతా అదే.

నేను ఈ దీవిలోనే పుట్టాను. వయసులో ఉండగా పోర్ట్ లూయీలో బియ్యం ఓడ ఎక్కి వంటగదిలో పని చేశాను. ఆ ఓడ నన్ను నదుల దగ్గరికి తీసుకుపోయింది. కలకత్తాలో హుగ్లీ చూశాను. పోటు వచ్చేటప్పుడు నీళ్లు గోడలా లేచి వస్తాయి, పడవలవాళ్లు ఒకరినొకరు కేకలేసుకుంటూ నడిమికి తప్పుకుంటారు. రంగూన్‌లో మిల్లుల ఊక నీటి మీద తేలుతూ ఉంటుంది, నది పసుపు పూసుకున్నట్టుంటుంది. ఒకసారి పంచదార బస్తాలతో లండన్ దాకా పోయాం. అక్కడి థేమ్స్ టీ గిన్నె కడిగిన నీళ్లలా ఉంది, మీద బొగ్గు పొగ. మరోసారి కాకినాడ దగ్గర ఓడ ఆగితే సెలవడిగి, కాలువ పడవ మీద ధవళేశ్వరం పోయాను. ఎండాకాలం. ఆనకట్ట కింద ఇసుకలో చాలాసేపు నడిస్తే గాని నీళ్లు తగల్లేదు. మోకాలి లోతు. పాదం కింద ఇసుక బెల్లం పొడిలా మెత్తగా ఉంది. కూర్చుని మునిగాను. మా నాన్న పేరు చెప్పి ఒకసారి, అమ్మ పేరు చెప్పి ఒకసారి.

తిరిగొచ్చాక ఇదంతా మా బావకు చెప్పాను. బావంటే మా అక్క మొగుడు, భజనలో పాట ఎత్తేవాడు. గొంతు మంచిది, అది నేను కాదనను. రోజూ సాయంత్రం మా గుమ్మంలో కూర్చుని, "తర్వాత ఏటైనాది రా బామ్మర్దీ?" అని అడిగేవాడు. నేను పిచ్చివాడిలా చెప్పేవాణ్ణి. కొన్నాళ్లకు భజనలో "మా బామ్మర్ది హుగ్లీ సూశాడు" అన్నాడు. ఇంకొన్నాళ్లకు అదే హుగ్లీ మా ఇంటివాళ్లు చూసినదైంది. ఆ తర్వాత ఆయనే చూశాడు. పడవలవాళ్ల కేకలు కూడా నోటితో వేసి చూపించేవాడు.

చెంబు మాట వచ్చిన రోజు నేను లేచి నిలబడ్డాను.

"నువ్వు మునిగినావా? ఎలాగుంది గోదారి?" అని ఒక పెద్దాయన అడిగాడు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మోకాలి లోతన్నాను. ఇసుక అన్నాను. అందరి మొహాలూ వాడిపోయాయి. చిన్నప్పట్నుంచీ పాటల్లో పాడుకున్న నదిని నేను ఎండగట్టేశాను.

అప్పుడు బావ గొంతు సవరించుకున్నాడు. "విశాఖపట్నంలో ఓడెక్కకముందు మా అయ్య నన్ను సంకనేసుకుని గోదారికి ఎల్లాడు. ఒడ్డు నుంచి సూస్తే అవతల ఒడ్డు ఆపడదు! సముద్రమే. మూడు మునకలు ముంచాడు. ఆ సలి ఇప్పటికీ నా ఎముకల్లో ఉంది."

ఆయన ఓడెక్కినప్పుడు తల్లి ఒళ్లో పాలు తాగే బిడ్డ. ఆ మాట అక్కడ అందరికీ తెలుసు. అయినా చెంబు ఆయన చేతికిచ్చారు. నిండు నది కావాలి వాళ్లకు.

అంతటితో ఊరుకున్నాడా? చెప్పడానికి ఇంకేమీ మిగలక మళ్లీ నా గుమ్మానికే వచ్చాడు. సిగ్గు లేకుండా టీ కూడా అడిగాడు.

"గోదారి గురించి ఇంకేటైనా సెప్పరా బామ్మర్దీ. శనివారం శనివారం అదే సలి ఎన్నిసార్లు సెప్పను?"

అప్పుడే నాకో ఉపాయం తట్టింది. టీ ఇచ్చి, పక్కన కూర్చుని చెప్పాను. "నది నడుమ ఒక నల్లరాయి ఉంది బావా. దాని దాకా ఈది, తడిబట్ట దాని మీద ఆరేసి, అది ఆరేదాకా నోరు మెదపకుండా కూర్చోవాలి. లేకపోతే స్నానం చెల్లదు." అలాంటి రాయి గోదావరిలో నేను చూడలేదు. మా ఏట్లో మా అక్క బట్టలుతికే రాయి తలుచుకుని అక్కడికక్కడ పుట్టించాను. బావ కళ్లు మెరిశాయి. వచ్చే శనివారానికే రాయి భజనలోకి వచ్చింది. నేను వెనక వరసలో కూర్చుని తాళం వేశాను. గోదావరి ఎరిగినవాడు ఒక్కడు దీవిలో దిగితే చాలని ఎదురుచూశాను.

దిగారు. పిల్లలకు తెలుగు అక్షరాలు, మాకు పూజలు నేర్పడానికి ఇండియా నుంచి పంతులు గారు వచ్చారు. బస బావ ఇంటి వెనక గదిలో, భోజనం రోజుకో ఇంట్లో. ఏ ఊరండీ అంటే "అటువైపే నాయనా" అనేవారు. ఆయన్ని భజనకు నేనే వెళ్లి పిలుచుకొచ్చాను. నేనే ముందు వరసలో చాప వేశాను. ఆ రోజు బావ రాయి గురించి ఎప్పటికన్నా బాగా చెప్పాడు. తడిబట్ట గాలికి కొట్టుకునే చప్పుడు కూడా చేశాడు. చెప్పడం కానిచ్చి నేను లేచాను.

"పంతులు గారూ, తమరు అక్కడివారు. ఆ రాయి తమరు చూశారా?"

ఆయన నన్ను చూశారు. బావను చూశారు. ఒకసారి దీపం వైపు చూశారు. "చూడకేం నాయనా! నల్లగా, ఏనుగు పడుకున్నట్టుంటుంది."

ఏనుగు నేను చెప్పలేదు. అది ఆయన సొంతం.

"అబద్ధం! ఆ రాయి నేను పుట్టించాను! మా అక్క బట్టలుతికే రాయది!" అని అరిచాను.

నవ్వులే నవ్వులు. "మాంతేర్!" అంది ఒక ముసలమ్మ. మా దీవి భాషలో అబద్ధాలకోరు అని. ఆ మాట నన్ను అంది, వాళ్లిద్దర్నీ కాదు. "ఓడలో గిన్నెలు తోమినోడికి గోదారేటి తెలుస్తాది?"

"మోకాల్లోతని సెప్పాడు కాదేటి. ఏ కాలవలోనో దిగుంటాడు పాపం" అన్నాడు ఇంకొకడు.

బావ నవ్వలేదు. "ఒగ్గెయ్యండి, మా బామ్మర్దే గదా" అన్నాడు. ఆ జాలి చూపినందుకు ఆయన్ని నేను వచ్చే జన్మలో కూడా వదలను.

తర్వాత జరిగింది ఇంకా ఘోరం. గోదావరి రాయి మా ఏటి రాయిలాగే ఉంటుందట గదా అని అక్క రాయికి ఎవరో పసుపు రాశారు. ఇంకెవరో కుంకుమ పెట్టారు. ఇప్పుడు పండగనాడు తడిబట్ట దాని మీద ఆరేసి నోరు మూసుకుని కూర్చునేవాళ్లున్నారు. మా అక్క మూట నెత్తిన పెట్టుకుని నా ఇంటికొచ్చి తిట్టింది.

"ఆయన ఎల్లాడో నువ్వు ఎల్లావో నాకెందుకు? నా రాయి ఏదిరా? బట్టలు నీ నెత్తి మీద ఉతకనా?"

"బావను అడుగు."

"ఆయన్ని అడిగితే మొక్కుకోమన్నాడు!"

ఇప్పుడు అక్క బట్టలుతకడానికి పైఏటి దాకా నడిచిపోతోంది. అది కూడా బావ లెక్కలోనే వేశాను.

ఇప్పటికీ ప్రతి శనివారం నేను వెళ్తున్నాను. వెనక వరసలో కాదు, కలశానికి ఎదురుగా కూర్చుంటున్నాను. బావ చెంబెత్తినప్పుడు ఆయన చేతుల్నే చూస్తాను. ఈ మధ్య నీళ్లు కొన్ని కలశం బయట పడుతున్నాయి. ముసలితనం అంటున్నారు. ముసలితనమో, నా చూపో ఆయనకే తెలియాలి. మొదటి చెంబు ఆయన పోస్తున్నంత కాలం ఆ కలశంలో మిగతా నదులుంటే ఉండొచ్చు, గోదావరి మాత్రం లేదు.

బావను నేనేమీ అడగను. ఆయన నోట్లోంచి వచ్చేదంతా నాదే, నా మాట నాకే అప్పజెప్తాడు. నేనడిగేది పంతులు గారిని. అయ్యా, మీరు గోదావరిని చూశారా, లేదా? చూసి ఉంటే ఆ రాయి ఏ రేవుకు ఎదురుగా ఉందో చెప్పండి. చూడకపోతే చూడలేదని చెప్పండి. నా గుమ్మంలో కాదు, మీ గదిలో కాదు, ఆ దీపం ముందు, అందరూ వింటుండగా. వానొచ్చినా సరే, స్నానవేళైనా సరే. నేను చెంబు దగ్గరే కూర్చుని ఉంటాను. జవాబు చెప్పండి.