జేబులు తడిమిన అవ్వ

పరిశోధన కోసం బొగ్గు నమూనాలు తెచ్చుకోవడానికి నేను మొదటిసారి గనిలోకి దిగాల్సి వచ్చింది. అక్కడ తీసుకోవాల్సిన జాగ్రత్తలన్నీ మా ప్రొఫెసరు ముందురోజే గంటసేపు చెప్పాడు. అందులో అరగంట నేను శ్రద్ధగా నిద్రపోయాను.

రామగుండంలో రైలు దిగి గోదావరిఖని బస్సెక్కాను. పక్క సీట్లో ఉన్న ఓ పెద్దావిడ ఎటు పోతున్నావని అడిగింది. బొగ్గుబాయిలోకి దిగబోతున్నానని కాస్త గొప్పగానే చెప్పాను. ఆమె చెయ్యి చాపి నా చొక్కా జేబు తడిమింది. అగ్గిపెట్టె తీసి కొంగున ముడేసుకుంది.

"అవ్వా, అది నాది."

"ఎరుకే బిడ్డా. బాయిల గ్యాసుంటది. నువ్వొక్కనివే పోతే నీ ఇష్టమనేదాన్ని. లోపట మావోళ్లు గూడ ఉంటరు గదా. మా ఆయన జేబులు గూడ దినాం గిట్లనే చూసి తోలుత."

ఇంక కన్నీటి కథ వస్తుందని ముఖం సిద్ధం చేసుకున్నాను. "ఇప్పుడాయన..." అన్నాను మెల్లగా.

"ఇంట్ల పండుకున్నడు. రాత్రి షిఫ్టు చేసిండు" అంది. "ఏంది, గట్ల చూస్తున్నవ్?"

ఇప్పుడు మా ల్యాబులో కొత్తగా చేరే పరిశోధక విద్యార్థులకు జాగ్రత్తలు చెప్పే పని నాదే. ముందు వాళ్లను ల్యాబు లోపలికి తీసుకెళ్లి, అక్కడ గ్యాసు సిలిండర్ల మధ్య పనిచేస్తున్న ఒక్కొక్కరినీ పేరుతో పరిచయం చేస్తాను. జేబుల్లో సిగరెట్లు, అగ్గిపెట్టెలు ఉన్నవాళ్లు, నేను నోరు తెరవకముందే బయటికెళ్లి పెట్టేసి వస్తారు.