పల్లం దిక్కు బరువు

మహేశ్వరికి పదమూడేండ్లప్పుడు లారీ గుద్ది ఎడమ కాలు తొడ దాకా పోయింది. ఉండేది గోదావరిఖనిల, బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లల్ల. కట్టుడుకాలు పెట్టించినంక నడక నేర్పింది వాళ్ల బాపు గట్టయ్యనే. బాయిల డ్యూటీ దిగి వచ్చి, బిడ్డను ఓపెన్‌కాస్టు గని పక్కన గడ్డి మొలిచిన పాత మట్టిగుట్ట మీదికి తీస్కపోయేటోడు.

"సాఫు రోడ్డు మీద ఎవరైనా నడుస్తరు. ఏటవాలు మీద నడిస్తే ఎక్కడైనా నడుస్తవ్. బరువు గుట్ట దిక్కు ఎయ్యి బిడ్డా, పల్లం దిక్కు ఎయ్యకు," అనేటోడు.

అట్ల నేర్చుకున్న నడకే మంచు మీద ఆమెను పడేసింది.

కరీంనగర్‌ల వికలాంగుల ఆటల పోటీలకు పోతే అక్కడ చూసినోళ్లు ఆమెను కశ్మీర్‌ల గుల్‌మార్గ్‌కు, మంచు మీద జారే స్కీయింగ్ శిబిరానికి పిలిచిండ్రు. కట్టుడుకాలు విప్పి పక్కన పెట్టాలె. ఉన్న కాలికి ఒక్క స్కీ, రెండు చేతులల్ల కింద చిన్న స్కీలు బిగించిన కర్రలు. పోటీ అంటే జెండాల నడుమ మలుపులు తిరుగుకుంట కిందికి రావుడు. మూడు చలికాలాలు పోటీలల్ల దిగింది. ఒక్కసారి గూడ ఆఖరి గీత దాటలే. ఏటవాలు ఎక్కువైన కాడ ఒళ్లు దానంతటదే గుట్ట దిక్కు వాలేది, స్కీ కాలి కింది నుంచి జారిపోయేది.

"గుట్టను కావలించుకుంటవెందుకు బేటీ, అదేమన్న నీ చుట్టమా? పల్లం దిక్కు వంగు," అని కోచ్ ఇర్షాద్ మొత్తుకునేటోడు.

ఈసారన్న పూర్తి చెయ్యకుంటే జట్టుల ఉంచేది లేదని చెప్పేసిండ్రు. పోటీ ముందురోజు ఇంటికి ఫోన్ చేసింది.

"బాపూ, బరువు పల్లం దిక్కు వెయ్యమంటుండు సార్."

"ఏం సారే గాయన! నిన్ను సంపుతడా ఏంది?"

"గుట్ట దిక్కు వేస్తేనే పడుతున్న బాపూ."

నడక నేర్పిన మనిషికి నీ మాట తప్పని చెప్పినట్టయిందని ఆమె పరేషానయింది.

"గా మంచు నేనెన్నడు తొక్కలే," అన్నడు గట్టయ్య. "తొక్కినోడు చెప్పింది ఇను. నేను చెప్పింది మట్టి మీద నడిచేతందుకు."

తెల్లారి నిటారుగున్న మలుపు కాడ ఒళ్లు మళ్ల గుట్ట దిక్కే గుంజింది. ఈసారి ఛాతీని పల్లం మీదికి వంచింది. "కండ్లు మూసుకొని చెరువుల దుంకినట్టే అనిపించింది," అని తర్వాత చెప్పింది. స్కీ అంచు మంచును పట్టుకుంది. ఇంకో మలుపు, ఇంకోటి. గీత దాటింది. దాటినంక ఎట్ల ఆగాలెనో నేర్చుకునే అక్కర ఎన్నడు పడలేదాయె, సక్కగ పోయి అంచున కట్టిన వలల చిక్కింది.

జట్టుల ఉంచిండ్రు. గట్టయ్య ఫోన్ చేసిండు.

"ఎన్నో నంబరొచ్చినవ్?"

"నాలుగు."

"ఎంతమందిల?"

"ఐదుగురిల."

"అయ్యో, గా ఐదో పిల్ల ఏడుస్తుందేమో జర సూడు."

"ఏడుస్తలేదు బాపూ. నన్ను వలల నుంచి ఇడిపించింది ఆమెనే."