నలుగు పాటను నెమ్మది చేశాను

సినిమా మొత్తానికి ఒక్క పాట చాలునని దర్శకుడితో ధీమాగా చెప్పింది నేనే. గద్వాల చేనేత కుటుంబం మీద తీసిన చిన్న సినిమా అది. సంగీతం నాది, పాట మాత్రం కోడేరులో ఉండే మా పెద్దమ్మది. పెళ్లికూతురికి నలుగు పెట్టేటప్పుడు పాడే పాట. చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్లయినా ఆమె ఎత్తుకోవాలి, మిగతా ఆడవాళ్లు అందుకోవాలి. పిలుపు రాకపోతే పెద్దమ్మ అలిగేది కూడా.

వాకిట్లో కూర్చోబెట్టి పాడించుకుని, రికార్డు చేసుకుని వచ్చాను. ఆ తర్వాత ఆ పాటను నేను పెట్టిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. ఒకచోట మగ్గం చప్పుడుకు కట్టాను. వనపర్తి బస్సులో ప్రేమికులు చూపులు కలిపితే ఫ్లూటు మీద కూనిరాగం చేశాను. కొట్లాటకు డప్పులు జోడించాను. చివర్లో తల్లి చనిపోయే చోట మాత్రం ఏం చేసినా అతకలేదు. విసుగొచ్చి వాద్యాలన్నీ తీసేసి, పెద్దమ్మ గొంతునే బాగా నెమ్మది చేసి పెట్టాను. మాటలు పోయి మూలుగు మిగిలింది. దర్శకుడు కళ్లు తుడుచుకున్నాడు, నేను కాలరెగరేశాను.

సినిమాను ఎక్కువమంది ఫోన్లలోనే చూశారు. అందులోంచి ఆ చావు సంగీతం ఒక్కటే జనం పట్టుకున్నారు. ఎవరైనా పోతే స్టేటస్‌లో అదే. ఒకసారి కొల్లాపూర్‌లో బస్సు కోసం నిలబడితే వైకుంఠ రథం నా సంగీతమే మైకులో మోగిస్తూ ఎదురుగా వెళ్లింది. సిగ్గులేకుండా మురిసిపోయాను. అలాంటి బండి కోడేరుకూ వెళ్తుందన్న ఆలోచనే నాకు రాలేదు.

పోయిన ఎండాకాలం పెద్దమ్మ మనుమరాలి పెళ్లి. పిల్లను పీట మీద కూర్చోబెట్టారు. పెద్దమ్మ గొంతు సవరించుకుని ఎత్తుకుందో లేదో, ఆమె సొంత కూతురే ఆపింది.

"అమ్మా, గది వద్దే. పీనుగుబండిల పెడ్తున్నరు దాన్ని. శుభమా అని పిల్లకు నలుగు పెడ్తుంటే గదెందుకు?"

ఒక్కరూ కాదనలేదు. నాకు ఒళ్లు మండింది. "అది పెళ్లి పాటే! నెమ్మది చేసి చెడగొట్టింది నేను. పాడు పెద్దమ్మా, నేనూ అందుకుంటా" అని అరిచినంత పని చేశాను.

పెద్దమ్మ పసుపు చేతులతో నా వైపు తిరిగింది.

"నువ్వు మంచిగనే చేసినవు కొడుకా. గంతమంది ఏడ్చిన్రంటే ఉత్తగనా? నా బిడ్డ మీద కోపం చేయకు. ఎత్తుకుంటే నాకే గా బండి కండ్లల్ల మెదుల్తుంది. నోరు వస్తలేదు."

ఎవరో ఫోన్లో ఏదో సినిమా పాట పెట్టారు. పెద్దమ్మ మనుమరాలి చెంపలకు నలుగు రాసి, ఏమీ పాడకుండానే పక్కకు జరిగి కూర్చుంది.