చచ్చిన అక్క కాగితం

మా తాత చిల్‌బోక్ బద్ధకం పుణ్యమా అని, మా అమ్మ పుట్టిన రోజునే కాగితం మీద నాలుగేళ్ల పిల్ల. ఆ రోజుల్లో మా సోల్‌చి లోయలో ఇలాంటి వాళ్లు ఇంటికొకరు ఉండేవారు. అమ్మకంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టి, బున్‌రే అనే పేరుతో పుట్టుకలూ చావులూ రాసే ఆఫీసు పుస్తకంలోకి ఎక్కి, రెండేళ్లకు తట్టు సోకి చచ్చిపోయింది. చావు రాయించాలంటే కనుమ దాటి పూటంతా నడవాలి. తాత నడవలేదు. మరో రెండేళ్లకు అమ్మ పుట్టింది. "కాగితం ఉండనే ఉందిగా, దీన్నీ బున్‌రే అందాం," అన్నాడట. బతుకుతుందో బతకదో తెలియని ఆడపిల్ల కోసం కనుమెక్కడం ఆయనకు దండగ.

ఈ సంగతి అమ్మ నాకు తన ఎనభయ్యో ఏట చెప్పింది. ఇద్దరం ముల్లంగి తరుగుతున్నాం. నా చేతిలో కత్తి ఆగిపోయింది. ఆవిడ చెయ్యి ఆగలేదు.

అమ్మకి పదకొండేళ్లప్పటి మాట. మా దేశం జపాన్ వాళ్ల పెత్తనంలో ఉండగా యుద్ధం ముదిరిన ఏడాది. ముందు ధాన్యం పట్టుకుపోయారు, తర్వాత ఇత్తడి గిన్నెలు, ఆ తర్వాత మగపిల్లల్ని. చివరికి పద్నాలుగు నిండిన పెళ్లికాని ఆడపిల్లల వంతు వచ్చింది. ఫ్యాక్టరీ పని అన్నారు. పక్క లోయ నుంచి వెళ్లిన ముగ్గురిలో ఏ ఒక్కతె దగ్గర్నుంచి కూడా ఉత్తరం ముక్క రాలేదు. దాంతో మా ఊళ్లో ఆ చలికాలం కుంటివాళ్లకీ, పెళ్లాం పోయిన ముసలాళ్లకీ కూడా పెళ్లికూతుళ్లు దొరికారు. మిగిలిపోయింది ఊరి పెద్దాయన దల్‌సూ తాత మనవరాలు మల్‌సూన్. పద్నాలుగేళ్లు. దానికీ సంబంధం కుదిరింది, పది రోజుల్లో పెళ్లి. అమ్మని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. పదకొండేళ్ల పిల్ల, మల్‌సూన్ జడలు వేస్తే వేయించుకుని దాని వెనకే తిరిగేది.

గుమాస్తా వచ్చి చదివిన పేరు అమ్మది. "బున్‌రే, పదిహేనేళ్లు. ఎల్లుండి పొద్దున మూట సర్దుకుని ఆఫీసు దగ్గరుండాలి."

జనం నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. గుమాస్తా ఎదురుగా అమ్మ ముక్కు తుడుచుకుంటూ నిలబడింది.

చావు రాయించడానికి పదమూడేళ్లు బద్ధకించిన తాత ఆ రోజు కనుమని పరుగున దాటాడు.

"బాబూ, అది పదకొండేళ్ల పసిది. కాగితంలో ఉన్నది దీని అక్క. అది ఎప్పుడో చచ్చిపోయింది."

"చచ్చిపోతే ఇన్నాళ్లూ చెప్పలేదేం? పిల్ల పేరొచ్చేసరికి అందరి పిల్లలూ చచ్చిపోతున్నారే!" గుమాస్తా తాత చెంప పగలగొట్టాడు. "రేపు వస్తా. సమాధి చూపించు, పేరు కొట్టేస్తా. కానీ విను. ఊరికొకరు చొప్పున పంపాలి. ఇది కాకపోతే వయసులో దీని తర్వాతది."

దీని తర్వాతది ఎవరో తాతకి తెలుసు.

సమాధి ఎక్కడుందో మాత్రం తెలియదు. మాలో పసిబిడ్డ చస్తే కన్నవాళ్లు వెంట వెళ్లరు. ఊళ్లో ఒక పెద్దాయన గోనెలో చుట్టి వీపున వేసుకుని కొండెక్కుతాడు. కుండలో పెట్టి, పాతి, పైన రాళ్లు పేర్చి వస్తాడు. చోటు ఎవరికీ చెప్పడు. చెబితే తల్లి కాళ్లు అటే లాగుతాయని, ఆ తర్వాత పుట్టేవాళ్లు నిలవరని నమ్మకం. మా లోయలో ఆ పెద్దాయన దల్‌సూ తాత. పదమూడేళ్ల క్రితం బున్‌రేని మోసుకెళ్లింది ఆయనే.

తాత వెళ్లి ఆయన కాళ్ల మీద పడ్డాడు. అమ్మ గడప బయట నిలబడి అంతా వింది.

"లేరా, లే. చోటు చెప్పకూడదు, నిజమే. బతికున్నదాని కోసమైతే దేవతలైనా ఏమంటారు?" అని, మళ్లీ అడిగాడట దల్‌సూ తాత. "ఒరే చిల్‌బోక్, దీని పేరు కొట్టేస్తే ఇంకెవరి పేరైనా రాస్తామన్నారా?"

"లేదు బాబాయ్. అలాంటిదేం అనలేదు."

"ఒట్టేనా?"

"ఒట్టు."

ఇది విన్నప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వు వెళ్లి నిజం చెప్పలేదా?" అని అరిచాను అమ్మ మీద. "గుమాస్తా అన్న మాట నాకేం తెలుసే! కానీ మా నాన్న గొంతు నాకు తెలుసు. అబద్ధమని తెలిసిపోయింది. అయినా నోరెత్తలేదు. భయమేసింది," అంది.

మర్నాడు గుమాస్తా, తాత, దల్‌సూ తాత, అమ్మ నలుగురూ కొండెక్కారు. పిల్లని కూడా చూడాలన్నాడు గుమాస్తా. రావద్దంటున్నా వినకుండా మా అమ్మమ్మ వెనకాలే వచ్చింది. దల్‌సూ తాత ఎక్కడా తడుముకోలేదు. పొదలు తప్పించి, సరిగ్గా ఒక రాళ్లకుప్ప ముందు ఆగి తవ్వాడు. కుండ మూత తీశాడు. గుమాస్తా చేతికర్రతో లోపల కెలికాడు. చిన్న చిన్న పళ్లు రాలి కుండ అడుగున టకటకలాడాయి.

అమ్మమ్మ ఏడవలేదట. కర్రని పట్టుకుని ఆపి, "ఎనిమిది పళ్లు కింద, ఎనిమిది పైన. నాకు తెలుసు, నన్ను కొరికేది," అందట. అంత శాంతంగా ఎలా అనగలిగిందో నాకిప్పటికీ అర్థం కాదు.

"సరే, చచ్చింది," అని గుమాస్తా కాగితం మీద గీత కొట్టాడు. "ఇంట్లో ఉన్నదాన్ని వచ్చి రాయించుకో." తాత మళ్లీ ఆ ఆఫీసు గుమ్మం తొక్కలేదు. ఆయన బద్ధకానికి భయం కూడా తోడైంది.

నాలుగో రోజు పొద్దున్నే మల్‌సూన్‌ని తీసుకుపోయారు. పెళ్లికి ఇంకా ఆరు రోజులుంది. దల్‌సూ తాత లారీ వెనక ఎంత దూరం పరిగెత్తాడో ఊరంతా చూసింది. తిరిగొచ్చాక మా తాత ఇంటికేసి రాలేదు, తిట్టలేదు. కొట్టినా బాగుండేదని మా తాత తర్వాత ఎవరితోనో అన్నాడట. ఆ మాట అనడానికి సిగ్గు లేదూ!

మరుసటి ఏడు యుద్ధం అయిపోయింది, జపాన్ వాళ్లు వెళ్లిపోయారు. రైలు వచ్చినప్పుడల్లా దల్‌సూ తాత స్టేషన్‌కి వెళ్లేవాడు. మల్‌సూన్ రాలేదు. ఇంకో రెండేళ్లకు మా వాళ్లే పెట్టిన కొత్త ఆఫీసులో, పేరు లేనివాళ్లంతా వచ్చి రాయించుకోవాలన్నారు. తాత అమ్మని వెంటబెట్టుకుని వెళ్లాడు. ఓక్‌హీ అని ముద్దొచ్చే పేరొకటి అనుకుని ఉంచాడు.

"పేరేంటి పిల్లా?" అన్నాడు కొత్త గుమాస్తా.

"మల్‌సూన్," అంది అమ్మ.

తాత అక్కడే జుట్టు పట్టుకుని కొట్టాడు. అప్పటికే సిరాతో రాసేశారు.

నేను పుట్టిన దగ్గర్నుంచీ విన్నది ఆ పేరే. స్కూల్లో తల్లి పేరు దగ్గర నా చేత్తో ఎన్నిసార్లు రాశానో. అది ఎవరిదో ఇన్నేళ్లూ నాకు తెలియదు.

ఆఫీసు నుంచి వస్తూ అమ్మ దారి మళ్లి దల్‌సూ తాత దగ్గరికి పరిగెత్తింది. ఆయన అరుగు మీద గడ్డి చెప్పులు అల్లుతున్నాడు. మనవరాలి పేరు ఊళ్లో నిలబెట్టానని, ఆయన సంతోషపడి దగ్గరికి తీసుకుంటాడని అనుకుందట పిచ్చితల్లి.

"తాతా, ఇక నుంచి నా పేరు మల్‌సూన్. కాగితంలో రాయించుకున్నాను."

ఆయన చేతిలో గడ్డి జారిపోయింది.

"ఎంత పని చేశావే! అది తిరిగొస్తే, దాన్ని ఏమని పిలవాలే నేను?"